ప్రకటనల్లో పోయిన నాలుగు చుట్లు

కొరోనెల్ బసల్దువా,
1997 ఆగస్టు 3, ఆదివారం

ఒరేయ్ ఓస్మార్,

ముందు క్షేమ సమాచారాలు అయిపోగొడతాను. ఆ తరవాత నిన్ను తిట్టడానికి అడ్డేమీ ఉండదు. నా మోకాలు ఎలా ఉండేదో అలాగే ఉంది. మీ బావకి దగ్గు తగ్గింది. రైలు రావడం మానేసి నాలుగేళ్ళయినా, స్టేషను గడియారానికి పాత గార్డు రోజూ కీ ఇస్తూనే ఉన్నాడు. క్షేమం అయిపోయింది.

ఇప్పుడు రేసు సంగతి. ఈ రోజు బార్లో టీవీ ముందు స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చున్నాను. యాభై నిమిషాల పందెంలో పదిహేడు నిమిషాలు ప్రకటనలు. మూడు నిమిషాలు బీరు కంపెనీ యజమాని నెమ్మదిగా మాంసం నమలడం. రెండు నిమిషాలు గొడుగు పట్టుకున్న ఆడపిల్ల, అదీ మోకాళ్ళ దగ్గర్నుంచి పైకి. ముప్పై ఆరు బళ్ళు పరిగెత్తుతుంటే మీరు చూపించింది మూడు. అందులో రెండింటి మీద మీకు ప్రకటనలిచ్చే కంపెనీల పేర్లే ఉన్నాయి. ఇది కాకతాళీయం అని నాతో అనకు, నేను టీచర్ల యూనియన్‌లో ఇరవై రెండేళ్ళున్నదాన్ని.

ఇక ఆ గావుకేకల పెద్దమనిషి, మీ వ్యాఖ్యాత! అందుకే బార్లో అందరూ మీ గొంతు కట్టేసి, పక్కన రేడియో పెట్టుకుని చూస్తారు. బొమ్మ మీది, మాట రేడియోది. రేడియోవాడు ప్రతి చుట్టుకీ అన్ని బళ్ళూ చదువుతాడు. వాడికి ఒక్క కెమెరా కూడా లేదురా.

మీ బావ డెల్మోకి నలభై తొమ్మిదేళ్ళు వచ్చాయి. వారమంతా ఊళ్ళో ట్రాక్టర్లు బాగుచేసి, ఆ షెడ్డులోనే తన ఫోర్డు తను కట్టుకుని, పదహారేళ్ళుగా రేసుల్లో ఉన్నాడు. ఈ నవంబరు ఆఖరి రేసుతో ఆపేస్తానన్నాడు. ఈ ఏడాది తొమ్మిది రేసుల్లో మీ టీవీలో అతను కనిపించింది మొత్తం పదకొండు సెకన్లు. అందులో నాలుగు సెకన్లు సగం బండే. నోటుబుక్కులో రాసి పెట్టాను. అతను హెల్మెటు మేకుకి తగిలించేలోపు ఒక్కసారి సరిగ్గా కనిపించాలి. నేను అడిగేది అంతే. ఆ మీటల ముందు కూర్చుని ఏ కెమెరా బొమ్మ వెళ్ళాలో తేల్చేవాడివి నువ్వు కాబట్టి నిన్నే అడుగుతున్నాను.

ఫోను చేస్తే "సరే అక్కా" అని పెట్టేస్తావు. కాగితం మీద అయితే పారిపోలేవు.

జవాబు రాసేదాకా నీ మీద కోపంగానే ఉండే
అక్క హైదే

*

బ్యూనస్ ఐరిస్,
ఆగస్టు 14

అక్కా,

పారిపోలేదు చూడు. ఒఫెలియా నిన్ను అడిగానని రాయమంది. రేసుల్లో మన ఫోర్డుకి ఎదురు పక్షమైన చెవ్రొలెట్ ఇంట్లో పుట్టినదాన్ని చేసుకున్నానని నువ్వు పద్దెనిమిదేళ్ళుగా సాధిస్తున్నా, నీ మరదలికి నీ మీద ప్రేమే.

నా దగ్గర ఆరు కెమెరాలున్నాయి. వీధి చివర ఆపిన లారీలో, ఆరు తెరల ముందు కూర్చుంటాను. ఆరింట్లో ఒక్కటే మీ బారుకి వస్తుంది. నువ్వు కోపంగా ఉత్తరం రాసినా, ప్రేమగా రాసినా అవి ఏడు కావు. ప్రకటనలు నా చేతిలో లేవు. ఎనిమిదో అంతస్తు నుంచి ఒక అమ్మాయి చెవిలో చెబుతుంది: "ఓస్మార్, పదిలో వెళ్తున్నాం." పది సెకన్లలో ప్రకటనలకి వెళ్ళిపోతాం. ఎవడు ఎవణ్ణి దాటుతున్నా సరే.

నీకో సంగతి చెప్పనా? ప్రకటనలు నడుస్తున్నప్పుడు కూడా నా తెరల మీద రేసు ఆగదు. టీవీని నమ్ముకున్న దేశం మొత్తానికీ ఆ నాలుగు నిమిషాల రేసు చూసేది నేనొక్కణ్ణే. ఒక్కోసారి అప్పుడే జరుగుతుంది అన్నిటికన్నా మంచి పోటీ. చేతిలో రొట్టెముక్క పట్టుకుని చూస్తాను, ఎవరికీ చెప్పుకోలేను. మనసుకి బాగుంటుందనుకుంటున్నావా?

అయినా ఒక మాట అడుగుతాను. నీ క్లాసులో నలభై మంది పిల్లలుంటారు. పాఠం చెబుతూ ఎవరి వైపు చూస్తావు? చెయ్యెత్తేవాడి వైపా, అల్లరి చేసేవాడి వైపా? మధ్యలో నోరు మెదపని పాతికమందిని ఎన్ని సెకన్లు చూస్తావో, వాళ్ళక్కలెవరైనా స్టాప్‌వాచీతో కూర్చున్నారా?

బావకి నమస్కారాలు.

నువ్వెంత తిట్టినా నీ వెనకాలే పుట్టిన
ఓస్మార్

*

కొరోనెల్ బసల్దువా,
ఆగస్టు 26

ఓస్మార్,

దెబ్బ బాగానే కొట్టావు. రెండు రోజులు ఆలోచించాను. జవాబు ఇదిగో: క్లాసులో అందరినీ చూడలేనని నాకు తెలుసు, అందుకు సిగ్గుపడతాను. మీరు సిగ్గుపడరు. పైగా చూపించినవాళ్ళే ఉన్నారనీ మిగతావాళ్ళు లేరనీ జనాన్ని నమ్మిస్తారు. గొడవ కెమెరాలు ఆరా అరవయ్యా అని కాదు. పరుగంటే ముందున్నవాడొక్కడిదే అని, మిగిలిన ముప్పై అయిదు మందీ వాడికి అడ్డం రావడానికి పుట్టారని, ప్రతి ఆదివారం పిల్లలకి నేర్పుతున్నారు. సోమవారం పొద్దున అదే పిల్లల్ని నాకు అప్పజెబుతున్నారు. గుల్లయిపోయిన ఈ దేశంలో వెనకబడ్డవాడంటే దారికి అడ్డం అని కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు.

అందర్నీ చూడటం కుదరదంటావా? నేను చేస్తున్నాను. క్లబ్బు గోడ మీద స్టూలు వేసుకుని, ఇరవై ఏళ్ళుగా మన ఊళ్ళో జరిగే ప్రతి రేసుకీ చుట్ల పట్టిక రాస్తున్నాను. చుట్టుకి ఒక నిలువు గడి. నా ముందు నుంచి బళ్ళు ఏ వరసలో పోతే ఆ వరసలో పైనుంచి కిందికి వాటి నంబర్లు. డెల్మో నలభై ఏడు ఎర్ర పెన్సిలుతో, మిగతావి మామూలు పెన్సిలుతో. ముప్పై ఆరు బళ్ళు, ఇరవై అయిదు చుట్లు, తొమ్మిది వందల అంకెలు. వాన పడనీ, మోకాలు పీకనీ, ఒక్కటి వదలను.

అక్టోబరు పన్నెండున రేసు మన ఊళ్ళోనే. డెల్మోకి సొంత మట్టి మీద ఇదే ఆఖరిది. ఆరు సెకన్లు చూపించు. పూర్తి బండి.

ఆలోచనల్లో పడేసినందుకు నిన్ను క్షమించని
అక్క

*

బ్యూనస్ ఐరిస్,
సెప్టెంబరు 30

అక్కా,

ఆరు సెకన్లు. మాటిస్తున్నాను. పూర్తి బండి, పక్కన రాసిన నీ ఊరి పేరుతో సహా. ముప్పై ఆరు బళ్ళలో వెతుక్కోవడానికి నాకు టైముండదు, ఎక్కడ చూడాలో నువ్వే రాయి. మీ ఇంట్లో దిగడానికి కుదరదు, లారీ శనివారం వచ్చి ఆదివారం సాయంత్రమే వెళ్ళిపోతుంది.

ఓస్మార్

*

అక్టోబరు 4

ఓస్మార్,

వాన లేకపోతే ఇరవై అయిదుకీ ముప్పైకీ మధ్య ఉంటాడు. అక్కడ వెతుకు. నీలం బండి, తలుపు మీద తెల్ల నలభై ఏడు. బారుకి చెప్పేశాను, స్కూల్లో చెప్పేశాను, రొట్టెల కొట్లో చెప్పేశాను. మాట తప్పావంటే ఈ ఊళ్ళో అడుగు పెట్టకు.

నీ అక్క, మొదటిసారి సంతోషంగా

*

కొరోనెల్ బసల్దువా,
అక్టోబరు 13, సోమవారం

ఓస్మార్‌కి,

నిన్న సాయంత్రం మీ లారీ మా వీధి మీదుగానే పోయింది. ఆపలేదు. ఎందుకాపలేదో నాకు తెలుసు.

జరిగింది నీకు తెలియదు కాబట్టి చెబుతాను. తెలిస్తే అలా చూపించి ఉండవు కదా.

ఆదివారం పొద్దున ఆకాశం కడిగినట్టుంది. డెల్మో వాకిట్లో మాతె తేనీరు తాగుతూ పక్క పొలంలో గాలిమర వైపు చూశాడు. దాని తోక తిరిగింది. "ఆగ్నేయం గాలి, హైదే. మూడింటికల్లా పడుతుంది," అని వాన టైర్లు ఎక్కించాడు. ఎండలో వరసలో నిలబడ్డప్పుడు పక్కవాడు, "ఏం తాతా, గొడుగు కూడా తెచ్చావా?" అన్నాడట. "తెచ్చా. నీకూ కావాలంటే దారిలో ఆగి అడుగు, ఇస్తా," అన్నాడు మీ బావ. పొడి రోడ్డు మీద ఆ టైర్లు జారిపోతుంటే పదో చుట్టుకి ముప్పై ఒకటో స్థానానికి దిగాడు. పదకొండో చుట్టులో వాన పడింది.

నా పట్టికలో ఉంది చూడు. పన్నెండో చుట్టు: ఇరవై రెండు. పదమూడు: పదిహేను. బారువాళ్ళు చెప్పారు, అప్పుడు మీ టీవీలో సబ్బు ప్రకటన. పద్నాలుగు, పదిహేను: పన్నెండు, పదకొండు. అప్పుడు మీరు బీరు యజమాని అల్లుడితో కబుర్లు. పదహారు: తొమ్మిది. పదిహేడు: ఏడు. మళ్ళీ ప్రకటనలు. ముప్పై ఒకటి నుంచి ఏడు దాకా నా మొగుడు జీవితంలో చేసిన ఒకే ఒక్క అద్భుతం, మీ సబ్బుకీ మీ బీరుకీ మధ్య జరిగింది.

ఆ పదహారో చుట్టులోనే ముందున్న మీ ముద్దుబిడ్డ ఫెర్మిన్ లసార్తే నీళ్ళలో గిరగిరా తిరిగి ఎనిమిదో స్థానానికి పడ్డాడు. పదిహేడులో డెల్మో అతన్నీ దాటాడు, న్యాయంగా, బయటి వైపు నుంచి. మీరు పద్దెనిమిదో చుట్టులో తీరిగ్గా తిరిగొచ్చారు. తెర మీద డెల్మో బండి, వెనకాల లసార్తే. మీ గావుకేకలాయన ఏమన్నాడు? "లసార్తే ఇంకా ముందంజలోనే! ముందు అడ్డంగా ఎవరో ఒక చుట్టు వెనకబడ్డ పెద్దాయన! దారివ్వవయ్యా!" లసార్తే వెనకనుంచి గుద్దాడు. ఇద్దరూ గడ్డిలో పడ్డారు. "రేసు మొత్తం నాశనం చేశాడు! వీళ్ళకి లైసెన్సులెవరిస్తారు!" అదే గుద్దు పద్నాలుగు సార్లు చూపించారట. ఏడాదంతా పదకొండు సెకన్లు దక్కినవాడికి ఒక్క రోజులో పద్నాలుగు సార్లు!

రేసు పెద్దలు సాయంత్రమే కాగితం అంటించారు: తప్పు లసార్తేది, నలభై ఏడు ఏడో స్థానంలో ఉంది అని, కింద పదిహేడో చుట్టులో బళ్ళ వరస మొత్తం, పేర్లతో సహా. క్లబ్బు తలుపు మీద ఉంది. తలుపు ఎవరు చదువుతారు?

ఇంకో సంగతి విను, ఇది నన్ను కాల్చేస్తోంది. గేటు టికెట్టు పెంచాక సగం ఊరు బార్లోనే కూర్చుంది, వాన మొదలవగానే మిగతా సగమూ అక్కడే చేరింది. నిన్న మాత్రం వాళ్ళు రేడియో పెట్టలేదు. మన ఊరి గురించి రాజధాని వాళ్ళు ఏమంటారో చెవులారా వినాలని, ఇన్నేళ్ళలో మొదటిసారి రేడియో కట్టేసి మీ గొంతు పెంచారు. విన్నారు.

ఇది దిద్దాలి. అదే టీవీలో, అదే గొంతుతో.

హైదే

*

బ్యూనస్ ఐరిస్,
అక్టోబరు 21

అక్కా,

నన్ను క్షమించు. దిద్దమని అడిగాను, రెండుసార్లు. "ఏడోవాడెవడో ఎవడికి కావాలి?" అన్నారు. నిజమే చెబుతున్నాను, అవే మాటలు. బావకి ఏం చెప్పాలో తెలియడం లేదు. ప్రస్తుతానికి ఏమీ చెప్పకు.

ఒఫెలియా ఏడ్చింది. చెవ్రొలెట్ ఇంటి పిల్లే, ఫోర్డు కోసం ఏడ్చింది.

ఓస్మార్

*

కొరోనెల్ బసల్దువా,
నవంబరు 2

ఓస్మార్,

ఏమీ చెప్పకు అంటావు. ఏమీ చెప్పకపోవడం మీ ఉద్యోగం, నాది కాదు. మన ఊరి వారపత్రికలో ఒక పేజీ నిండా రాశాను. ఆ పేజీ కత్తిరించి పంపిస్తున్నాను. మీ యజమానులు పందెం కొనుక్కుని సబ్బు అమ్ముకుంటున్నారని రాశాను. ఎనిమిదో అంతస్తులో కూర్చుని వాన పడుతోందో లేదో కిటికీలోంచి కూడా చూడనివాళ్ళు మా ఊరి మనిషి పరువు తీశారని రాశాను. నీ పేరు రాయలేదు. నువ్వు ఆ లారీలో చెప్పింది చేసే కూలివాడివి, నీ మీద నాకు కోపం లేదని ఇప్పుడు తేలింది.

డెల్మో సంగతి. పోయిన వారం సామాన్ల కోసం లోబెరియా ఊరికి వెళితే, కొట్లో కుర్రవాళ్ళు ఈల వేశారట. "తాతా, దారివ్వు!" అని. ఆయన నవ్వుతూనే వచ్చాడు. వచ్చి షెడ్డుకి తాళం వేశాడు. ట్రాక్టర్లు బయటే బాగుచేస్తున్నాడు, ఎండలో. ఫోర్డు మీద గుడ్డ కప్పాడు.

నిన్న భోజనం దగ్గర అన్నాడు: "ఆఖరి రేసుకి వెళ్ళను, హైదే."

"ఎందుకెళ్ళవు? పెద్దలే తప్పులేదన్నారుగా!"

"అన్నారు. అక్కడికొచ్చే ముప్పై వేలమంది చూసింది వేరే కదా."

"అయితే వాళ్ళు చూసిందే నిజమా?"

"నిజం కాదు. కానీ ఈల వేసేది వాళ్ళు."

పదహారేళ్ళు ఎవరూ చూడకపోయినా పరిగెత్తాడు మీ బావ. చూడకపోవడం ఆయన్నేమీ చెయ్యలేదు. తప్పుగా చూడటం చేసింది. నవంబరు ముప్పై దాటితే ఇంకేమీ లేదు. ఆ గుడ్డ కిందే ఆ కథ అయిపోతుంది, వాళ్ళు చెప్పినట్టుగా.

అక్క

*

బ్యూనస్ ఐరిస్,
నవంబరు 9

అక్కా,

నీ పేజీ చదివాను. చాలా బాగా రాశావు. ఒక్క ముక్క తప్ప అన్నీ నిజమే. నేను చెప్పింది చేసే కూలివాణ్ణి కాదు. వ్యాఖ్యాతకి ఆ మాట చెప్పినవాణ్ణి నేనే.

నాలుగు సార్లు మొదలెట్టి చించాను, ఇది అయిదోది.

ప్రకటనలప్పుడు రేసంతా నా తెరల మీద ఉంటుందని గొప్పగా రాశాను కదా. మామూలుగా అయితే లసార్తే తిరిగి పడటం చూసేవాణ్ణి. తిరిగి వెళ్ళేముందు వ్యాఖ్యాత చెవిలో, "లసార్తే ఎనిమిది" అని చెప్పేవాణ్ణి. అది నా పని. ఆ రోజు రెండో ప్రకటనలకి వెళ్ళగానే, ఇదే టైము, తిరిగి రాగానే ఆరు సెకన్లు చూపించాలంటే బావని ఇప్పుడే వెతికి పట్టాలి అనుకున్నాను. ఆరు కెమెరాలకీ చెప్పాను: "నలభై ఏడుని వెతకండి. వెనకాల చూడండి, ఇరవై అయిదుకీ ముప్పైకీ మధ్య." ఆరుగురూ నాలుగు నిమిషాలు తోక బళ్ళ మీదే ఉన్నారు. వాన, నీళ్ళ తుంపర, ఏ నంబరూ సరిగ్గా కనిపించదు. "లేడు సార్, ఇక్కడ లేడు." "ఉంటాడు, చూడండి!" అని అరిచాను. ముందు వరసలో ఏం జరుగుతోందో ఎవరూ చూడలేదు.

మూడు సెకన్లుందనగా రెండో కెమెరావాడు, "దొరికాడు!" అన్నాడు. చూస్తే బావ. వెనకే లసార్తే. నా బుర్రలో లసార్తే మొదటివాడు, బావ చివరివాడు. ఇక ఆలోచించడానికేముంది? వ్యాఖ్యాత చెవిలో, "లసార్తే ముందున్నాడు, ఒక చుట్టు వెనకబడ్డవాణ్ణి అందుకుంటున్నాడు" అన్నాను. ఆయన అరిచాడు. ఆయనకి తెలిసింది నేను చెప్పిందే.

వాన లేకపోతే అని రాశావు నువ్వు. వాన పడుతోంది. ఆ మాట నాకు గుర్తు రాలేదు. పదహారేళ్ళుగా బావని అభిమానిస్తున్నాను, ఒక్కసారి కూడా ఏడో స్థానంలో ఊహించుకోలేదు. యజమానుల తప్పు కాదక్కా. వాళ్ళు చెప్పకుండానే వాళ్ళ కళ్ళతో చూశాను.

ఈ ఉత్తరం బావకి చూపించు.

ఓస్మార్

*

కొరోనెల్ బసల్దువా,
నవంబరు 16

ఓస్మార్,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. మూడు రోజులు నా సంచీలోనే పెట్టుకు తిరిగాను. అయిదో తరగతి పిల్లలకి భిన్నాలు చెబుతూ మధ్యలో ఆగిపోయాను. ఎవరిని తిట్టాలో తెలియకపోతే నాకు ఊపిరాడదని నీకు తెలుసు. నిన్ను తిడదామంటే ఆ ఆరు సెకన్లు అడిగింది నేను. ఎక్కడ వెతకాలో రాసింది నేను. ఆ వారపత్రిక ఇప్పుడు మాంసం కొట్లో పొట్లాలు కట్టడానికి వాడుతున్నారు, అదొక్కటే మేలు.

అలా అని ఎనిమిదో అంతస్తుని వదిలేశాననుకోకు. నాలుగు నిమిషాల ప్రకటన లేకపోతే నువ్వు అంత తొందరలో వెతకాల్సిన పనే లేదు. ఆ మాట మీద నిలబడతాను. కానీ ఇదివరకంత గట్టిగా బల్ల గుద్దలేను.

నిన్న డెల్మోకిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, నూనె చేతులతో అంచులు పట్టుకుని రెండుసార్లు చదివాడు. తరవాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అని లేచాను. నవ్వుతున్నాడు!

"ఆరు కెమెరాలూ నా కోసమే వెతికాయా?"

"వెతికాయి."

"నాలుగు నిమిషాలా?"

"నవ్వులాటగా ఉందా నీకు?"

"వాణ్ణేమీ అనకు, హైదే. నేనైనా నన్ను అక్కడే వెతుక్కునేవాణ్ణి." కళ్ళు తుడుచుకుని ఇంకా అన్నాడు: "నాలుగు నిమిషాలు దేశంలో ఉన్న కెమెరాలన్నీ వెతికినా దొరకనంత ముందుకి పోయానన్నమాట. ఆ మాట రాసివ్వమను నా బావమరిదిని, ఫ్రేము కట్టించుకుంటా."

సాయంత్రం షెడ్డు తాళం తీసిన చప్పుడు వినబడింది.

ఆఖరి రేసుకి వస్తున్నాం. ఈలలు ఈలల్లాగే ఉంటాయి, ఆయన భరిస్తానన్నాడు. నేను భరించలేను. అందుకే దీంతోపాటు అక్టోబరు పట్టిక పంపిస్తున్నాను. నకలు కాదు, అసలుది. ఇన్నేళ్ళలో డెల్మోని కూడా ముట్టుకోనివ్వలేదు. దాంతో ఏం చెయ్యాలో నేను చెప్పను. చెప్పి చెప్పి ఏమైందో చూశాంగా.

అక్క

*

బ్యూనస్ ఐరిస్,
డిసెంబరు 3

అక్కా,

మీరిద్దరూ ట్రాక్ మీదే ఉన్నారు కాబట్టి చూసుండరు. దేశంలో అది చూడనివాళ్ళు మీరిద్దరేనేమో. అందుకే రాస్తున్నాను.

తొమ్మిదో చుట్టులో చెవిలో వినబడింది: "ఓస్మార్, పదిలో వెళ్తున్నాం." నేను వెళ్ళలేదు. లారీ గోడకి నీ పట్టిక అంటించి, నాలుగో కెమెరావాణ్ణి లోపలికి రప్పించి దాని ఎదురుగా నిలబెట్టి ఉంచాను. ఆ బొమ్మ పంపించాను. పెన్సిలు అంకెలు, వాటి మధ్య మెట్లెక్కినట్టు ఎర్ర నలభై ఏడు, కింద మూల మాతె మరక. ఎనిమిదో అంతస్తు నుంచి ఆ అమ్మాయి, "ఓస్మార్, ఏంటది? ఓస్మార్!" అంటోంది.

వ్యాఖ్యాతకి నేనేమీ చెప్పలేదు. ఈసారి ఆయన చెవిలో ఏమీ పెట్టదలచుకోలేదు. "ఇదేమిటి, పిల్లలెవరో రాసిన..." అని మొదలెట్టి ఆగిపోయాడు. ఆయన ఆగడం నేనెప్పుడూ వినలేదు. తరవాత మామూలు గొంతుతో, అదొక మామూలు గొంతుంది ఆయనకి, "ఇది చుట్ల పట్టిక. కుర్రతనంలో రేడియోకి నేను రాసేవాణ్ణి," అన్నాడు. ఒక్కొక్క గడీ చదివాడు. "పదహారో చుట్టు. లసార్తే ఎనిమిదో స్థానంలో ఉన్నాడు... నలభై ఏడు తొమ్మిది. పదిహేడులో ఏడు." తరవాత అన్నాడు: "అంటే ఆ రోజు ఆయన ఎవరికీ అడ్డం లేడు. నేను తప్పు చెప్పాను."

యాభై రెండు సెకన్లు. సబ్బు ప్రకటన ఒకటి పోయింది.

సోమవారం నన్ను వేరే కార్యక్రమానికి మార్చారు. పొద్దున్నే టమాటాలు కోసే కత్తులు అమ్మే కార్యక్రమం. ఒక సుఖముంది: ప్రకటనలకి వెళ్ళే గొడవ లేదు, మొత్తం ప్రకటనే. ఒఫెలియా రెండు కత్తులు కొనేసింది.

పట్టిక జాగ్రత్తగా వెనక్కి పంపిస్తున్నాను. ఒక్కటి అడగాలి. పెద్దది చేసి చూస్తున్నప్పుడు కనిపించింది. పదిహేడో గడిలో నలభై ఏడు దగ్గర ఆగిపోయింది. దాని కింద ఏమీ లేదు. ఆ చుట్టులో ఇంకా ఇరవై రెండు బళ్ళున్నాయి కదా? కాగితం తడిసిందా?

బావ ఎన్నోవాడుగా వచ్చాడు? కత్తులవాళ్ళకి ఫలితాలు తెలియవు.

ఓస్మార్

*

కొరోనెల్ బసల్దువా,
డిసెంబరు 10

ఒరేయ్ తమ్ముడూ,

పంతొమ్మిది. వరసలో నిలబడ్డప్పుడు ఈలలు బాగానే పడ్డాయి. డెల్మో అటు తిరిగి చెయ్యి ఊపాడు, పెళ్ళికొడుకులా. తిరిగి వస్తూ దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగాం. బంకులో ముసలాయన ట్రాలీ మీదున్న మా బండి చుట్టూ తిరిగి, తలుపు మీద అంకె చూసి, "నలభై ఏడా? ఏడోవాడు కదూ?" అన్నాడు. డెల్మో, "ఇవాళ పంతొమ్మిది," అన్నాడు. "ఇవాళ సంగతి నాకు తెలీదు. ఏడోవాడు," అన్నాడాయన మొండిగా. ఇంటికి రాగానే మీ బావ హెల్మెటు మేకుకి తగిలించాడు. మేకు కొట్టింది నేనే, వంకర పోయింది.

నీ గావుకేకలాయనకి ఒక ఉత్తరం రాశాను. తిట్టలేదు. నమ్మకపోతే ఆయన్నే అడుగు.

నీ ఉద్యోగం గురించి నాకు బాధగా ఉంది, గర్వంగానూ ఉంది. రెండూ ఒకే చోట ఉంటే ఎలా రాయాలో తెలియదు. సెలవులకి ఒఫెలియాని తీసుకురా. చెవ్రొలెట్‌లోనే రా, వాకిట్లో పెట్టుకోనిస్తాను.

ఇక నీ ప్రశ్న. కాగితం తడవలేదు.

పదిహేడో చుట్టు. లెక్కపెడుతున్నాను, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఏడోది నీలం రంగు. రాశాను, ఎర్ర పెన్సిలుతో. తరవాత స్టూలు మీద లేచి నిలబడ్డాను. అరిచానట, చేతులు ఊపానట, పక్కనున్న క్లబ్బు సెక్రెటరీ చెప్పాడు. పెన్సిలు గోడ అవతలికి పోయింది. ఇరవై రెండు బళ్ళు నీళ్ళు చిమ్ముకుంటూ నా ముందు నుంచే పోయాయి. వాటిలో ఒక్కటి కూడా నేను చూడలేదు.

తొమ్మిది వందల అంకెల్లో ఒక్కటి వదలనని నీకు రాశాను చూడు. ఇరవై ఏళ్ళు వదల్లేదు కూడా. నా మనిషి ముందుకొచ్చిన ఒక్క చుట్టులో నేనూ మీ టీవీనే అయ్యాను. ప్రకటనలు లేవు, ఎనిమిదో అంతస్తు లేదు, ఎవరూ చెవిలో చెప్పలేదు. ఇది ఒప్పుకోవడానికి వారం పట్టింది. ఎనిమిదో అంతస్తు మీద యుద్ధం ఆపుతానని కాదు. కొత్త ఏడాది రేసులు మొదలవగానే మళ్ళీ స్టాప్‌వాచీ తీస్తాను. కానీ ఈసారి నా చేతులు కూడా చూసుకుంటూ తీస్తాను.

ఈ రోజు స్కూలయ్యాక క్లబ్బుకి వెళ్ళి, తలుపు మీది పెద్దల కాగితం దగ్గర నిలబడి ఆ గడి నింపాను. ఎనిమిదో అంకె నుంచి కిందికి ఒక్కొక్కటీ. ఎనిమిదోది లసార్తే. చెయ్యి కొంచెం గట్టిగా పడింది, అది క్షమించు. అన్నిటికన్నా కింద అరవై ఒకటి. ఎవరో ఎలూసియో పెర్నిగోత్తి, మైపూ ఊరివాడట. ఆ చుట్టులో ఆఖరు. నేనెప్పుడూ వినని పేరు.

అతనికీ ఎవరో ఒకరు ఎక్కడో గోడ మీద కూర్చుని ఉంటారు, చేతిలో పెన్సిలుతో. వాళ్ళ పట్టికలో పదిహేడో గడి నలభై ఏడు దగ్గర ఖాళీగా ఉందేమో. అరవై ఒకటి మామూలు పెన్సిలుతోనే రాశాను. తరవాత ఇంటికొచ్చి, ఎర్ర పెన్సిలు చెక్కి, దాని మీదే మళ్ళీ దిద్దాను.

అక్క
హైదే